పై అంతస్తు శ్లాబు అర్ధరాత్రి దాకా చల్లారడం లేదు: రెండో ఏసీ కొనాలా, డాబాకు ఏదైనా చేయాలా?

బెజవాడ_భాను

విజయవాడలో నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంటు, మాది పై అంతస్తు. పగలు ఎలాగోలా గడిచిపోతోంది, బాధంతా రాత్రిదే. పొద్దు గూకాక బాల్కనీలో కూర్చుంటే కాస్త గాలి ఆడుతుంది. గదిలోకి వచ్చి మంచం మీద వాలితే పైనుంచి సెగ కొడుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడి గాలినే కిందికి తోస్తుంది. మా అత్తయ్యకు డెబ్బై దాటాయి, పడమటి గది ఆవిడది. సగం రాత్రి విసనకర్రతోనే గడుపుతున్నారు.

ఇంట్లో అందరూ రెండో ఏసీ కొనమంటున్నారు. కొనే ముందు ఒకటి తెలుసుకోవాలని ఉంది. శ్లాబు మీద తెల్లపూత వేస్తే నిజంగా తేడా ఉంటుందా, అదంతా రంగులు అమ్మేవాళ్ళ మాటేనా? డాబా ఎలాగూ అందరిదీ. అసోసియేషన్ కార్యదర్శిని కదిపితే "వేడి మీ ఇంట్లో, ఖర్చు మా అందరి మీదా?" అన్నారు. వేయించినవాళ్ళు ఉంటే చెప్పండి.

ఇటుకబట్టీ

ఏసీ కొనేయండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊరు మనది. సున్నం ఏం ఆపుతుంది? పెద్దావిడ ఇంట్లో ఉన్నప్పుడు ప్రయోగాలు వద్దు.

కృష్ణలంక_కుర్రాడు

మేము మూడేళ్ళ కిందట తెల్లపూత వేయించాం. తేడా ఉంది. ఏసీ మాత్రం తీసేయలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

సివిల్_సుబ్బారావు

ఇటుకబట్టీ గారూ, సున్నం ఏం ఆపుతుంది అన్నారు కాబట్టి ముందు ఆపాల్సింది ఎంతో చూద్దాం. వేసవి మిట్టమధ్యాహ్నం ఒక్కో చదరపు మీటరు డాబా మీద దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. మసకబారిన సిమెంటు గచ్చు అందులో మూడింట రెండు వంతుల దాకా తాగేస్తుంది. కొత్తగా వేసిన మంచి తెల్లపూత తాగేది 20 శాతానికి కాస్త అటూ ఇటూ. భాను గారి ఇల్లు వెయ్యి చదరపు అడుగులనుకుంటే పైకప్పు 90 చదరపు మీటర్లకు పైమాటే. ఎంత వేడి నెత్తిన పడుతోందో లెక్క మీరే వేసుకోండి.

తాగిన వేడిలో ఎక్కువ భాగం తిరిగి గాలికే పోతుంది, నిజమే. మిగిలింది కాంక్రీటులోకి దిగుతుంది. అయిదు అంగుళాల శ్లాబు దాటి కింది ముఖానికి రావడానికి దానికి కొన్ని గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటి ఎండ మీకు దీపాలు పెట్టే వేళకు తగులుతుంది. పొయ్యి ఆర్పినా పెనం చాలాసేపు కాలుతూనే ఉన్నట్టు, శ్లాబు రాత్రి పొద్దుపోయే దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. అత్తయ్యగారికి తగులుతున్నది గాలి వేడి కాదు, పైకప్పు వేడి. ఏసీ పెడితే అది గది గాలిని చల్లబరచడంతో పాటు పగలంతా శ్లాబులో చేరిన ఈ నిల్వను కూడా మోయాలి.

ఇళ్ళ కోసం 2018లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ ఎకో నివాస్ సంహిత అనే నియమావళి తెచ్చింది. పైకప్పు నుంచి వేడి దిగే రేటు చదరపు మీటరుకు, లోపలికీ బయటికీ ఉండే ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లు దాటకూడదని అందులో ఉంది. ఏ రక్షణా లేని మన మామూలు శ్లాబు 3 వాట్లు దాటుతుంది. అలాంటి కప్పు కింద మనుషులను పడుకోబెడుతున్నాం. కట్టేటప్పుడే దీన్ని పట్టించుకోని బిల్డర్లను చూస్తే నాకు మండుతుంది.

నీటిబొట్టు

మా అమ్మమ్మగారి ఊళ్ళో సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లేవారు. కాసేపటికే చల్లబడేది. రంగులూ పూతలూ ఏవీ లేవు.

పాలమూరు_పద్మ

నీళ్ళు ఉంటే కదా చల్లడానికి! మా కాలనీలో వేసవి అంతా ట్యాంకర్ నీళ్ళే. తాగడానికి చాలని నీళ్ళను శ్లాబు మీద పోస్తే మా పక్కింటివాళ్ళు నన్ను బతకనివ్వరు.

లెక్కల_మాస్టారు

నీటిబొట్టు గారి మాటలో శాస్త్రం ఉంది. లీటరు నీరు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని తీసుకుపోతుంది. అంత వేడిని తీసే మరో చవక మార్గం లేదు. అయితే అది ఆవిరైన నీటి లెక్క. బకెట్లతో కుమ్మరిస్తే సగం పైగా గొట్టంలోంచి కిందికి పోతుంది. తడిపిన గోనె సంచులు పరిస్తే తక్కువ నీటితో ఎక్కువ పని జరుగుతుంది. పద్మ గారన్నట్టు నీటి ఎద్దడి ఉన్న చోట అదీ తప్పే.

తెల్లపూత సంగతికి వస్తే మన దగ్గరే కొలిచిన లెక్కలు ఉన్నాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల కలిసి హైదరాబాద్‌లో కార్యాలయ భవనాల కప్పుల మీద తెల్లపూత వేసి కొలిచాయి, 2011లో ప్రచురించాయి. పూత లేని కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే ఏడాదికి చదరపు మీటరుకు 13 నుంచి 14 యూనిట్లు మిగిలాయి. చల్లదనానికి అయ్యే కరెంటులో అది 10 నుంచి 19 శాతం. నల్లటి కప్పు మీద వేస్తే 20 నుంచి 22 యూనిట్లు. ఇవి పగలంతా ఏసీ నడిచే భవనాల లెక్కలు కాబట్టి ఇంటికి యథాతథంగా వర్తించవు. కానీ అమ్మేవాళ్ళ మాట మాత్రం కాదు.

ఇటుకబట్టీ

మాస్టారూ, 10 నుంచి 19 శాతమే కదా. అంటే 80 శాతం పైగా ఏసీయే చేయాలి. నేను చెప్పింది అదే.

లెక్కల_మాస్టారు

ఏసీ ఉన్న భవనంలో ఆ శాతం చూడాలి. ఏసీ లేని పై అంతస్తులో చూడాల్సింది పడుకున్న మనిషికి తగిలే సెగ. రెండూ ఒకటి కావు.

రేకుల_ఇల్లు

మీరంతా శ్లాబు గురించి మాట్లాడుతున్నారు. మాది సిమెంటు రేకుల ఇల్లు, రెండు గదులు. శ్లాబు రాత్రి వేడి ఇస్తుంది, రేకు పగలే కాల్చేస్తుంది. నాన్న ఆటో నడిపి మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వస్తే లోపల కూర్చోలేక వేప చెట్టు కింద తిని వెళ్ళేవారు. ఈ వేసవికి ముందు రేకుల మీద సున్నం రెండు పూతలు వేశాం. ఈ ఏడాది మధ్యాహ్నం ఇంట్లోనే తింటున్నారు, తిన్నాక కాసేపు నడుము వాలుస్తున్నారు కూడా. మాకు ఏసీ కొనాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. కాబట్టి శాతాల లెక్క నాకు అనవసరం.

సివిల్_సుబ్బారావు

రేకుల_ఇల్లు గారి పోస్టు అందరూ మళ్ళీ చదవాలి. తెల్లపూత అసలు మేలు అక్కడే ఎక్కువ. పలచటి కప్పు, మధ్యలో వేడిని ఆపేది ఏదీ లేదు. 2010 మే నెల వడగాడ్పుల్లో జనం చనిపోయాక అహ్మదాబాద్ 2013లో వేడిని ఎదుర్కొనే ప్రణాళిక తయారు చేసుకుంది. తరువాత బస్తీ ఇళ్ళ కప్పులకు సున్నం వేయించే పని కూడా దానికి కలిపింది. మన దగ్గర 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. వాళ్ళలో చాలామంది కూలీలు, వృద్ధులు.

రేకుల విషయంలో ఒక హెచ్చరిక. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. పూతకు ముందు ఇనుప బ్రష్‌తో గీకవద్దు, గరుకు కాగితంతో రుద్దవద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. నీళ్ళతో తడిపి మెత్తటి చీపురుతో కడిగితే చాలు. రేకుల మీద నేరుగా కాలు పెట్టవద్దు, నిచ్చెన పరిచి దాని మీద నుంచే పని చేయాలి.

రేకుల_ఇల్లు

గీకకూడదని మాకు ఎవరూ చెప్పలేదు. మంచి మాట చెప్పారు. మా వీధిలో ఇంకో నాలుగిళ్ళవాళ్ళు వేస్తామంటున్నారు, వాళ్ళకు చెబుతాను.

సీమ_మిద్దె

అనంతపురం వైపు మా తాతల ఇల్లు మట్టి మిద్దె. రాతి గోడలు, పైన దూలాలు, వాటి మీద కట్టెలు పేర్చి, ఆపైన మందంగా మట్టి. అన్నిటికన్నా పైన చౌడు మన్ను. తడిస్తే అది మెత్తగా విడిపోయి సందులన్నీ పూడ్చేస్తుంది, నీళ్ళు కిందికి దిగవు. వానలకు ముందు ఏటా కొత్త చౌడు పరిచేవారు. నిండు మే నెలలో బయటి నుంచి వచ్చి లోపల అడుగు పెడితే చెప్పులు విడిచేలోపే ఒళ్ళు చల్లబడేది. ఆ మిద్దె కూల్చి శ్లాబు వేసుకున్నాం. ఇప్పుడు అదే స్థలంలో రెండు కూలర్లు తిరుగుతున్నాయి.

ఇటుకబట్టీ

అవన్నీ వినడానికి బాగుంటాయి. ఏటా మన్ను పరిచే మనుషులెక్కడ? మట్టి మిద్దెలో తేళ్ళూ పాములూ తిరిగేవి, గట్టి వాన పడితే కురిసేది. ఆ ఇల్లు వదిలినందుకు మా నాన్న ఇప్పటికీ సంతోషిస్తారు.

సీమ_మిద్దె

తేళ్ళు ఉండేవి, కాదనను. పాత ఇంటికి తిరిగి పోదామని నేను అనడం లేదు. ఆ మందం చేసిన పనిని శ్లాబు చేయడం లేదు, దానికి బదులు ఏదీ పెట్టలేదు. నా బాధ అది.

కువైట్_కోనసీమ

మా అమలాపురం దగ్గర మండువా ఇళ్ళలో పెంకుల కప్పు ఎత్తుగా ఉండేది, కింద అటక. వేడి అటకలోనే ఆగిపోయేది. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, అందులోంచి వేడి గాలి పైకి పోయేది. ఉత్తరాంధ్ర తీరంలో తాటాకు చుట్టిళ్ళూ అంతే, చూరు దాదాపు నడుము దాకా దిగి గోడకు ఎండే తగలనివ్వదు.

ఇప్పుడు నేనుండే చోట ఎండ యాభై డిగ్రీల దాకా పోతుంది. ఇక్కడ కప్పు మీద మందమైన నురగ పలకలు వేసి ఆపైన లేత రంగు పలకలు పరుస్తారు. ఏసీ చవకగా నడిచే దేశంలోనే కప్పుకు ఇంత చేస్తుంటే, మన దగ్గర ఉత్త శ్లాబు వేసి చేతులు దులుపుకుంటున్నారు.

బెజవాడ_భాను

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అయితే సున్నమా, కొనే పూతా, తెల్ల పలకలా? మేస్త్రీ ఒకాయన లోపలి వైపు థర్మాకోల్ పెట్టి ఫాల్స్ సీలింగ్ వేయమంటున్నారు. దానికైతే అసోసియేషన్ అనుమతి అక్కరలేదు.

సివిల్_సుబ్బారావు

లోపలి వైపు పెడితే సెగ తగ్గుతుంది, కాదనను. కానీ శ్లాబు మాత్రం రోజూ కాలుతూనే ఉంటుంది. పగలు సాగి రాత్రి ముడుచుకుంటుంది. పిట్టగోడ మొదట్లో అడ్డంగా వచ్చే పగుళ్ళు చూశారా? చాలా వరకు ఈ సాగుడు వల్లే. అక్కడి నుంచే నీళ్ళు దిగుతాయి. వేడిని శ్లాబుకు పైనే ఆపితే గదీ బాగుంటుంది, శ్లాబూ బాగుంటుంది. ఇంకో సంగతి, థర్మాకోల్‌కు నిప్పంటుకుంటే చాలా త్వరగా మండుతుంది, పొగ విషం. వైర్లు పోయే సీలింగ్‌లో దాన్ని పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

మీ మూడు ప్రశ్నలకు: సున్నం చవక, కానీ ఒకటి రెండు వానాకాలాలకు కొట్టుకుపోతుంది. రబ్బరులా సాగే తెల్లపూతలు కొన్నేళ్ళు నిలుస్తాయి, నీటి చెమ్మనూ ఆపుతాయి, ఖర్చు ఎక్కువ. పగిలిన తెల్ల పింగాణీ ముక్కలతో చైనా మొజాయిక్ పరిస్తే చాలాకాలం ఉంటుంది, కాని సందులు సరిగ్గా పూడ్చే మేస్త్రీ దొరకాలి. పగుళ్ళు ఉంటే ముందు అవి పూడ్చాకే ఏ పూతైనా.

కృష్ణలంక_కుర్రాడు

మాది కొనే పూతే. సగం డాబాకు వేశాక ఆ పూటకు సరుకు అయిపోయింది, మిగతాది మర్నాటికి వాయిదా. మధ్యాహ్నం రెండింటికి చెప్పులు లేకుండా పైకి వెళ్ళాను. పాత గచ్చు మీద అరికాలు ఆనలేదు, గెంతుతూ తెల్ల భాగం మీదికి వస్తే నిలబడగలిగాను. అది చూశాక మా నాన్న మిగతా సగం పని ఆపుతామన్నా ఒప్పుకోలేదు.

గుంటూరు_గీత

సున్నం ఎలా కలపాలి? దుకాణంలో దొరికే పొడి సున్నం పనికొస్తుందా?

రేకుల_ఇల్లు

మేము రాతి సున్నమే వాడాం. ఇనుప డ్రమ్ములో నీళ్ళు పోసి సున్నం కొంచెం కొంచెంగా వేశాం. ఒక్కసారిగా వేయకూడదు, కుతకుత ఉడికి పైకి చిమ్ముతుంది. ప్లాస్టిక్ బకెట్ అయితే మెత్తబడిపోతుంది. పిల్లలను దగ్గరికి రానివ్వలేదు, కళ్ళలో పడితే చూపు పోతుంది. రాత్రంతా నానబెట్టి, పొద్దున పాత చీర గుడ్డతో వడకట్టాం. పట్టు కోసం కొద్దిగా తెల్ల సిమెంటు, జిగురు కలిపాం. మా పెద్దమ్మ తుమ్మబంక వేయమంది, వాళ్ళ కాలంలో అదే వేసేవారట. మొదటి పూత పలచగా, అది ఆరాక రెండోది కాస్త చిక్కగా. వేసేముందు కప్పును తడపాలి, లేకపోతే సున్నం పొడిపొడిగా రాలిపోతుంది.

గుంటూరు_గీత

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. గోడలకు వేసేటప్పుడు నీలిమందు కలుపుతారు కదా, దీనికీ కలపాలా?

రేకుల_ఇల్లు

వద్దండి. ఎంత తెల్లగా ఉంటే అంత మంచిది.

మిద్దెతోట_మాలతి

ఎవరూ తోట గురించి అనలేదేమిటి? మా డాబా నిండా కుండీలు. తీగ పందిరి కింద బీర, కాకర, పొట్ల. కింది గదిలో తేడా తెలుస్తుంది. పైగా రోజూ కూర. భాను గారూ, డాబా మీద మట్టి పరిచి గడ్డి వేయించండి, పూతలెందుకు?

సివిల్_సుబ్బారావు

మాలతి గారూ, పందిరి చాలా మంచిది. నీడ పడుతుంది, బరువు తక్కువ. మట్టి పరచడం దగ్గర మాత్రం నేను గట్టిగా అడ్డుపడతాను. మనుషులు తిరిగే డాబాకు మన ప్రమాణాల ప్రకారం లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అడుగు మందాన తడిసిన మట్టి చదరపు మీటరుకు 500 కిలోల దాకా తూగుతుంది. తోట కోసమే కట్టిన శ్లాబు అయితే వేరు. కట్టేసిన అపార్ట్‌మెంటు మీద ఇంజనీరు చూడకుండా మట్టి పరచవద్దు. పెద్ద కుండీలు కూడా గది మధ్యలో కాకుండా దూలాల మీదికి, గోడల మీదికి వచ్చేలా పెట్టండి.

మిద్దెతోట_మాలతి

మా కుండీలన్నీ పిట్టగోడ వెంబడే ఉన్నాయి, మధ్యలో పందిరి కర్రలు మాత్రమే. మట్టిలో సగానికి సగం కొబ్బరి పొట్టు కలుపుతాను, తేలికగా ఉంటుంది. బరువు సంగతి మీరు చెప్పింది సరైనదే. మా బంధువుల ఇంట్లో ఒకరు తొట్టి కట్టి చిన్న మామిడి చెట్టే పెట్టారు, ఇవాళే ఫోన్ చేస్తాను.

అద్దెఇల్లు_అనూష

నేను అద్దెకుంటున్నాను. ఇంటి యజమాని మేకు కొట్టనివ్వరు, ఇక డాబాకు పూతేమిటి? నాలాంటివాళ్ళు ఏం చేయాలి?

లెక్కల_మాస్టారు

అనూష గారూ, పడమటి కిటికీ నుంచి మొదలుపెట్టండి. తెర లోపల వేస్తే ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేసినట్టే. అదే నీడ బయట ఉంటే వేడి బయటే ఆగుతుంది. వెదురు పుల్లల తెరో, షేడ్ నెట్టో కిటికీ బయట కమ్మీలకు కట్టండి, మేకు అక్కరలేదు. పగలు వేడి గాలి ఉన్నంతసేపూ కిటికీలు మూయండి, పొద్దు గూకాక ఎదురెదురువి తెరవండి. ఫ్యాను మార్చగలిగితే మార్చండి. పాత ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటుంది, తక్కువ కరెంటు తాగే కొత్తరకం మోటారు ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాను దాదాపు 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. ఇల్లు మారితే మీతోనే తీసుకుపోవచ్చు.

పాలమూరు_పద్మ

ఒట్టివేళ్ళ తడికలు మరచిపోకండి. మా వైపు పొడి గాలి కాబట్టి తడిపి కట్టామంటే గది కూలర్‌లా మారిపోతుంది. వాసన అదనం!

కృష్ణలంక_కుర్రాడు

మా విజయవాడలో అది కుదరదు పద్మ గారూ. గాలిలో ముందే తేమ ఉంటుంది, తడికెలు కడితే ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. కూలర్లదీ అదే గతి. మహబూబ్‌నగర్, అనంతపురం లాంటి పొడి ఊళ్ళలో అవి చేసే పని కృష్ణా తీరంలో చేయవు. అందుకే మాకు కప్పే ముఖ్యం.

ఎదుటి_మేడ

తెల్లపూత వేసేవాళ్ళు పక్కవాళ్ళ గురించి కూడా ఆలోచించాలి. మేము ఎత్తైన భవనంలో ఆరో అంతస్తు. ఎదుటి డాబాకు మెరిసే పూత వేశారు, పొద్దున పది నుంచి మా హాల్లో కళ్ళు తెరవలేకపోతున్నాం.

సివిల్_సుబ్బారావు

న్యాయమైన మాట. మెరిసేది వేయనవసరం లేదు, మెరుపు లేని తెల్లపూత వెలుగును అన్ని వైపులకూ చెదరగొడుతుంది. పక్కన ఎత్తైన మేడలు ఉంటే అదే అడగాలి. మీ ఎదుటివాళ్ళతో మాట్లాడి, వచ్చేసారి పూతకు అయినా మెరుపు లేనిది వేయించమనండి.

ఇటుకబట్టీ

నేనూ ఒక ప్రశ్న అడుగుతాను. ఇంత మంచిదైతే ప్రభుత్వం ఎందుకు తప్పనిసరి చేయదు?

లెక్కల_మాస్టారు

కొంత చేసింది. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది, 2028 దాకా అమల్లో ఉండేలా. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకు తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్ళకు ఐచ్ఛికం. 300 చదరపు కిలోమీటర్ల కప్పు లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌లోనే.

రేకుల_ఇల్లు

600 గజాల ఇల్లు ఉన్నవాళ్ళకు తప్పనిసరి, 60 గజాల రేకుల ఇంటికి ఐచ్ఛికం. మాకు కావలసింది చట్టం కాదు, సున్నం. ప్రతి వేసవికి ముందు వార్డుకు ఒక లారీ సున్నం దింపి, వేసే కుర్రాళ్ళకు కూలి ఇస్తే చాలు.

లెక్కల_మాస్టారు

మీ మాటతో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తాను. కార్పొరేటర్‌కు అర్జీ రాయండి, కావాలంటే ముసాయిదా నేను రాసిస్తాను.

సూర్యఫలకం

భాను గారి అసలు చిక్కు అసోసియేషన్ కదా, దానికి నా దగ్గర ఒక దారి ఉంది. డాబా మీద సోలార్ పలకలు ఎత్తుగా పెట్టించండి. శ్లాబుకు నీడ, పైగా కరెంటు. కిలోవాట్‌కు 10 చదరపు మీటర్ల చోటు పడుతుంది, రోజుకు సగటున నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో విడి ఇళ్ళకు మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78,000 రూపాయలు రాయితీ. అపార్ట్‌మెంట్ల సంఘాలకు ఉమ్మడి అవసరాల కోసం కిలోవాట్‌కు 18,000 రూపాయలు. లిఫ్టు, నీటి మోటారు, మెట్ల దీపాలు వీటికిందికే వస్తాయి. నిర్వహణ రుసుము తగ్గుతుందంటే కింది అంతస్తులవాళ్ళు కూడా చెవి ఒగ్గుతారు.

సివిల్_సుబ్బారావు

మంచి సలహా. క్రమం మాత్రం చెబుతాను: ముందు పగుళ్ళు, తరువాత తెల్లపూత, ఆపైన సోలార్. పలకలు బిగించాక కింద పూత వేయడం చాలా కష్టం. స్తంభాలు దిగే చోట శ్లాబుకు రంధ్రాలు చేయకుండా సిమెంటు దిమ్మెల మీద నిలపమనండి, గాలికి లేచిపోకుండా దిమ్మెల బరువు లెక్కవేయించండి. తీరంలో తుఫాను గాలులు మామూలువి కావు.

బెజవాడ_భాను

ఆదివారం సమావేశం జరిగింది. సూర్యఫలకం గారు చెప్పినట్టు లిఫ్టు బిల్లు ముందు పెట్టి మాట్లాడాను. సోలార్ కోసం అంచనా తెప్పించడానికి ఒప్పుకున్నారు. పూత విషయంలో ఇంకా గొడవే. మొదటి అంతస్తు ఆయన "నాకు లాభమేమిటి" అన్నారు. అప్పుడు పిట్టగోడ పగుళ్ళ ఫొటోలు చూపించాను. వాన నీళ్ళు ఆ పగుళ్ళలోంచి మెట్ల గోడ వెంట రెండో అంతస్తు దాకా దిగుతున్నాయి. పగుళ్ళ పనికి అందరూ ఒప్పుకున్నారు, పూతకు సగం ఉమ్మడి నిధి, సగం పై అంతస్తు నాలుగు ఇళ్ళవాళ్ళం. కార్యదర్శి కూడా చివరికి సంతకం పెట్టారు.

ఇటుకబట్టీ

సగమైనా ఇచ్చారంటే మీరు గట్టివారే. కానీ అత్తయ్యగారి గది సంగతి? పూత పడేదాకా ఆవిడ ఏం చేయాలి?

బెజవాడ_భాను

ఆవిడను తూర్పు గదికి మార్చాం, పడమటి కిటికీ బయట వెదురు తెర కట్టించాను. ఆవిడ గదికి కూడా ఏసీ తీసుకుంటున్నాం. వయసు దృష్ట్యా అది ఆపలేను, మీరు మొదట చెప్పిన మాట నిజమే. కాకపోతే ఒకటిన్నర టన్ను అనుకున్నది ఒక టన్నుతో సరిపెడుతున్నాం, పూత పడ్డాక అది చాలుతుందని సుబ్బారావు గారి ధైర్యం.

లెక్కల_మాస్టారు

24 దగ్గర పెట్టి ఫ్యాను కూడా తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. పెద్దవాళ్ళకు 26 కూడా హాయిగానే ఉంటుంది. మన గ్రిడ్‌లో ఒక్కో యూనిట్ వెనుక దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంది. మిగిల్చిన ప్రతి యూనిట్ కూడా లెక్కే.

గుంటూరు_గీత

పూత ఎప్పుడు వేయాలి? ఇప్పుడు వేస్తే వచ్చే నెల వానలకు పోదా?

సివిల్_సుబ్బారావు

సున్నమైతే ఫిబ్రవరి, మార్చి. ఎండ ముదరకముందే వేస్తే వేసవి అంతా పనిచేస్తుంది. కొనే పూతలకు శ్లాబు పూర్తిగా ఆరి ఉండాలి, పొద్దున్నే వేయాలి. మండే శ్లాబు మీద వేస్తే పైన ఆరిపోయి కింద పట్టదు, పొరలుగా లేస్తుంది. భాను గారి పని మాత్రం వానలకు ముందే కానివ్వాలి, పగుళ్ళు ఉన్నాయి కాబట్టి.

కృష్ణలంక_కుర్రాడు

ఒక మాట కలుపుతాను. పూత వేసి మరచిపోకూడదు. దుమ్ము పట్టి బూడిద రంగుకు తిరిగితే ఎండను వెనక్కి పంపడం బాగా తగ్గుతుంది. మేము సంక్రాంతి వెళ్ళాక ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి చీపురుతో రుద్ది కడుగుతాం. వడియాలు పెట్టుకోవడానికి కూడా పై అంతస్తువాళ్ళు ఇప్పుడు పోటీ పడుతున్నారు, అంత శుభ్రంగా ఉంటోంది.

మిద్దెతోట_మాలతి

కడిగిన నీళ్ళు నా కుండీలకు పోయవచ్చా?

సివిల్_సుబ్బారావు

కొత్త సున్నం కడిగిన నీళ్ళు పోయవద్దు, క్షారం ఎక్కువ, మొక్కలు మాడతాయి. పూత వేసిన మొదటి ఒకటి రెండు వానల నీళ్ళను ఇంకుడు గుంతలోకి కూడా వదలకండి, గొట్టం పక్కకు తిప్పండి. ఆ తరువాత పరవాలేదు.